లండన్ దగ్గర బొగ్గు రైలుకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ, అయిదేళ్ళ బాబునీ తీసుకుని, పాత ఆవిరి ఇంజన్లతో నడిచే బ్లూబెల్ రైల్వేకి వెళ్తే రోజు గడుస్తుందా, లేక అది ఉత్త పిల్లలాటేనా అని అడిగారు. హాయిగా గడుస్తుంది. నన్నడిగితే బాబు కంటే మీ నాన్నగారి కోసమే వెళ్ళండి.

మా మామయ్యగారు బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్లో బొగ్గు వేసే పనికి చేరి, డీజిల్ డ్రైవరుగా రిటైరయ్యారు. లండన్లో మేం ఏం చూపించినా "బానే ఉంది" అనేవారు, అంతే. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో మామూలు రైలు దిగి, పక్కనే ఉన్న బ్లూబెల్ ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి ఇంజను ఆవిరి వదులుతోంది. మనిషి మా చెయ్యి వదిలేసి ముందుకెళ్ళిపోయారు.

అక్కణ్ణుంచి షెఫీల్డ్ పార్క్ దాకా 11 మైళ్ళు, ముప్పావుగంట ప్రయాణం. దారిలో దాదాపు 670 మీటర్ల షార్ప్‌థోర్న్ సొరంగం వస్తుంది. అప్పుడు కిటికీ మూసెయ్యండి, లేకపోతే పెట్టె నిండా పొగే. మేం మూయలేదు. పులిహోర డబ్బా మూత కూడా తీసే ఉంది, ఇంకేం చెప్పమంటారు!

షెఫీల్డ్ పార్క్‌లో ఇంజన్ని విప్పి అటు చివరికి మారుస్తుంటే మామయ్యగారు దాని పక్కనే నిలబడిపోయారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. లోపలున్న ఫైర్‌మన్‌కి పార వేస్తున్నట్టు చేతులతో చూపించారు: ముందు మూలలకి, తర్వాత మధ్యలో పల్చగా. అతను నవ్వి తలూపి, ఓ బొగ్గుముక్క తీసి చేతిలో పెట్టాడు. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాకు సింగరేణి బొగ్గమ్మాయ్, బూడిద గుంజలేక రెక్కలు పడిపోయేవి" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. అతను విశ్రాంత లెక్కల మాస్టారట, నెలకి రెండుసార్లు వచ్చి జీతం లేకుండా బొగ్గు వేస్తాడట.

మామయ్యగారికి అదే మింగుడు పడలేదు. "జీతం తీసుకుని కూడా ఎప్పుడు దిగుదామా అని చూసేవాళ్ళమే! వీళ్ళకేం పట్టింది?" అన్నారు. అప్పుడు మా ఆయన ఈ లైను కథ చెప్పారు. 1955లో ప్రభుత్వ రైల్వే దీన్ని మూసేస్తే, ఆ ఊళ్ళలో ఉండే మ్యాడ్జ్ బెస్సెమర్ అనే ఆవిడ ఈ లైను కోసం చేసిన పాత చట్టం తిరగేసి, రోజుకి నాలుగు బళ్ళు నడిపి తీరాలన్న షరతు పట్టుకుంది. నడపక తప్పలేదు. 1958లో ఆ చట్టాన్నే వదిలించుకుని మళ్ళీ మూశారు. 1960 ఆగస్టులో స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు కొంత మేర బళ్ళు నడపడం మొదలుపెట్టారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా రావడానికి మాత్రం 2013 అయింది. దారిలో పట్టాల కోసం కొండని తవ్విన ఒక చోటుని ఊరి చెత్తతో నింపేశారు మరి, ఆ చెత్తలో చాలా భాగం రైళ్ళ మీద తరలించాల్సొచ్చింది. మామయ్యగారు విని, "అయితే పిచ్చే" అన్నారు, మెచ్చుకోలుగానే.

మా వాడికి మాత్రం 1875 నాటి స్టెప్నీ అనే చిన్న ఇంజను పేరు చెబితే చాలు. థామస్ ఇంజను కథల పుస్తకాల పుణ్యమే. తిరుగు ప్రయాణంలో హోర్‌స్టెడ్ కీన్స్‌లో దిగి తర్వాతి బండికి రండి. పెద్ద స్టేషను, పాతకాలం నాటి ట్రంకు పెట్టెలు, సూట్‌కేసులు, పిల్లలు పరిగెత్తడానికి బోలెడు చోటు.

ఫోన్లో దారి వెతికేటప్పుడు "షెఫీల్డ్" అని ఆపెయ్యకండి, ఉత్తరాన ఉన్న నగరానికి తీసుకుపోతుంది. ఏడాదంతా రోజూ నడవదు కాబట్టి తేదీ చూసుకోండి. ఎండలు ముదిరితే నిప్పురవ్వల భయంతో ఇలాంటి లైన్లలో డీజిల్ ఇంజను పెట్టడం మామూలే, అదీ కనుక్కోండి. నాన్నగారికి తెల్లచొక్కా మాత్రం వెయ్యొద్దు.