నాయనమ్మ పోలిక ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా నాయనమ్మ బొమ్మను పెన్సిల్‌తో గీసి నాన్నగారికి ఇవ్వాలని నా కోరిక. పుస్తకాల్లో చెప్పిన కొలతలన్నీ పాటించాను. ముడతలు ఒక్కటి కూడా వదలలేదు. అయినా ఇంట్లో అందరూ "ఈమె ఎవరు?" అని అడుగుతున్నారు. బొమ్మ, ఫొటో రెండూ పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ బొమ్మను బల్ల మీద పెట్టుకునే ఇది రాస్తున్నాను. మీ చేతిలో ఓపిక ఉంది. బరంపురంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేను ముందు వెతికేది అదే.

కొలతల సంగతి చూద్దాం. కళ్లు తల ఎత్తుకు సగంలో ఉంటాయి. కనుబొమల నుంచి ముక్కు అడుగుకు ఎంత దూరమో, అక్కడి నుంచి గడ్డానికి సుమారుగా అంతే. ఇది పళ్లున్న ముఖానికి లెక్క. మీ నాయనమ్మగారికి పళ్లు లేవు. పళ్లు ఊడాక వాటిని పట్టి ఉంచిన దవడ ఎముక కూడా ఏళ్ల తరబడి అరిగిపోతుంది. నోరు మూస్తే గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది, పెదవులు లోపలికి ముడుచుకుంటాయి. మీరు పుస్తకం కొలత పెట్టి ఆమెకు వయసులో ఉన్నప్పటి దవడను గీశారు. ఇంట్లో వాళ్లు గుర్తుపట్టనిది ఆ దవడనే. ఒక కాగితం ముక్క అంచు మీద ఆమె కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా ఉన్న దూరం గుర్తు పెట్టుకుని, ముక్కు అడుగు నుంచి గడ్డం దాకా ఉన్న దూరంతో పోల్చి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఫొటో కూడా మళ్లీ తీయాలి. ఫోనును ముఖానికి మరీ దగ్గరగా పెట్టడంతో ముక్కు ఉబ్బి, చెవులు చిన్నవయ్యాయి. ఆరేడు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ వద్దే వద్దు. పొద్దుటి వేళ వీధి గుమ్మం దగ్గర, వెలుగు ఒక పక్క నుంచే పడేలా ఆమెను కూర్చోబెట్టండి.

ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. ముడతలు మాయమై వెలుగు, మసక, చీకటి మూడే మిగులుతాయి. నుదురు కణత వైపు తిరిగే చోట మసక మొదలవుతుంది. చెంప ఎముక మీద వెలుగు, దాని కింద గుంట. పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి నీడలో పడుతుంది. ఈ మూడు ఛాయలనూ కన్ను, ముక్కు గీయకుండానే మచ్చలుగా పరచండి. మీ ఊళ్లో పశువుల కొమ్ముతో బొమ్మలు చెక్కే కొమ్ముపనివారు మొత్తం ఆకారం తేలాకే నగిషీకి దిగినట్టు, మీరూ దూరం నుంచి చూసి నాన్నగారు "అమ్మ" అనేదాకా కంటి జోలికి పోకండి. పోలిక అక్కడే పుడుతుందని నా గట్టి నమ్మకం.

ముడతకు ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటాయి. ఒంటి గీతతో గీస్తే అది ముఖం మీద గాటులా కనబడుతుంది. చీకటి వైపు ముడతలను చాలావరకు వదిలేయండి. కంటి తెల్లగుడ్డును కాగితమంత తెల్లగా ఉంచకండి, దాని మీద పై రెప్ప నీడ పడుతుంది.

నాయనమ్మగారి ముక్కు కింద వేలాడే ఆ బులాకీని మాత్రం తీరిగ్గా గీయండి. ఉబ్బు మీద ఒక్క చుక్కంత కాగితాన్ని ఖాళీగా వదిలి, దాన్ని ఆనుకునే గాఢమైన నలుపు పెట్టండి. మెరుపు వస్తుంది. పెదవి మీద పడే దాని నీడను మరవకండి. ఆ నీడ లేకపోతే బులాకీ వేలాడదు, కాగితానికి అతుక్కుపోతుంది.

ప్రశ్న: 6బీ పెన్సిల్‌తో నలుపు వేస్తే జుట్టు నల్లగా కాకుండా తళతళలాడుతోంది. పెన్సిల్ మంచిది కాదా?
– ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: పెన్సిల్ మంచిదే బాబూ, నొక్కుడు ఎక్కువైంది. గ్రాఫైట్ పలుచని రేకులుగా ఉంటుంది. గట్టిగా రుద్దితే అవి చదునుగా పరుచుకుని వెలుగును తిప్పికొడతాయి. 1795లో ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన పేటెంటు పొందిన పద్ధతిలోనే నేటికీ గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాలుస్తారు. మట్టి ఎక్కువైతే గట్టి హెచ్ రకం, తక్కువైతే మెత్తని బీ రకం; బీ ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మరింత మెత్తగా, నల్లగా ఉంటుంది. కొంచెం గరుకుగా ఉండే కాగితం తీసుకో. ముందు 2బీ, దాని మీద 4బీ, తేలిక చేతితో పొర మీద పొర వెయ్యి. 6బీని చెవి వెనక, మెడ కింద ఉండే చిక్కటి చీకటికే వాడు. వేలితో రుద్దకు, చర్మం జిడ్డు కాగితానికి పట్టి ఆ మరక రబ్బరుకు కూడా పోదు.