బట్టలు బాగున్నాయని ఇంగ్లిషులో ఎలా చెప్పాలి?

మిర్యాలగూడ నుంచి రాసిన చెల్లెలికి,

వీసా, బ్యాంకు ఖాతా సంగతులు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్నాయి, అవి నువ్వే చూసుకోగలవు. చివర్లో మొహమాటంగా అడిగిన ప్రశ్నే నాకు ముఖ్యమనిపించింది. ఆఫీసుకు ఎవరైనా చక్కగా తయారై వస్తే ఇంగ్లండులో ఏమని మెచ్చుకోవాలి? చిన్న విషయమని అనుకోకు. ఇక్కడ మనిషిని కుంగదీసేది చలి కాదు, ఒంటరితనం. పొద్దున ఒక మంచి మాట అనగలిగితే మధ్యాహ్నం భోజనానికి తోడు దొరుకుతుంది.

నల్గొండలో ఒంటి మీద ఏమున్నా మనకు డ్రెస్సే. ఇక్కడ డ్రెస్ అంటే సాధారణంగా ఆడవాళ్ళు వేసుకునే గౌను. ఇది తెలియక కొత్తలో మా పై అధికారి చొక్కా చూసి డ్రెస్ బాగుందన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అందుకే దేన్ని మెచ్చుకుంటే దాని పేరే చెప్పు: షర్టు, కోటు, స్కార్ఫ్. ప్యాంటును మాత్రం ట్రౌజర్స్ అను, బ్రిటన్‌లో ప్యాంట్స్ అంటే లోదుస్తులు.

కొలత సరిపోతే ఫిట్, మనిషికి నప్పితే సూట్, రంగుకు రంగు కుదిరితే మ్యాచ్. మనవాళ్ళు మూడింటినీ కలిపేస్తారు. స్మార్ట్ అంటే ఇక్కడ నీటుగా ఉన్నారని. అమెరికాలో ఆ మాటకు ముందు తోచే అర్థం తెలివితేటలే. పెళ్ళి ప్రకటనల్లోని హోమ్లీ జోలికి అసలు పోకు, మనిషిని అలా అంటే అందంగా లేరన్నట్టు వినిపించవచ్చు. ధర అడగకు. సన్నబడ్డావనీ, రంగు తేలావనీ అనకు. శరీరం మీద వ్యాఖ్యలు 2010 నాటి సమానత్వ చట్టం కింద వేధింపు కిందికి రావచ్చు.

మనవాళ్ళు అసలు తడబడేది ఎదుటివాళ్ళు మనల్ని మెచ్చుకున్నప్పుడు. ఒక క్రిస్మస్ విందుకు పోచంపల్లి పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. పక్క సీటావిడ కొంగు చేతిలోకి తీసుకుని ఎంతో బాగుందంది. ఇంట్లో అలవాటైన మాటే నోటికొచ్చింది: పాతదే, పెద్ద ఖరీదు కాదు. ఆవిడ ముఖం చిన్నబోయింది. తన మెప్పును తోసిపుచ్చానని అనుకుంది. ఆ చలికాలమంతా నా డబ్బా నేను ఒక్కదాన్నే తిన్నాను. ఇంటికి ఫోను చేసి అంతా బాగుందని చెప్పి, పెట్టేశాక ఏడ్చేదాన్ని. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

థాంక్యూ అని, వెంటనే ఇంకో మాట కలుపు. పోచంపల్లిలో నేయకముందే దారాలను అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు, అందుకే పువ్వుల అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. ఇంత చెబితే చాలు, తర్వాత వాళ్ళే అడుగుతారు. నేను ఆ తర్వాత అలాగే నేర్చుకున్నాను. ఇలా దారాలు కట్టి రంగు వేసి నేసే పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని ఇప్పుడు మా ఆఫీసులో కొత్తవాళ్ళకు ఆ పక్క సీటావిడే చెబుతుంది.

నువ్వూ ఒక పోచంపల్లి చున్నీ తెచ్చుకో. బరువు ఎక్కువైతే పచ్చడి సీసా ఒకటి తీసెయ్యి, పచ్చళ్ళు ఇక్కడ దొరుకుతాయి.