తుపాకీ ఏదో తెలియకపోతే ‘తుపాకీ’ అనే రాయాలి

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. విలేకరి అవుతానంటోంది, అదీ క్రైమ్ బీట్‌లోనేనట. ఆ మధ్య అమెరికాలో కాల్పులు జరిగిన రోజు ఒక్కో చానల్ ఒక్కో తుపాకీ పేరు చెప్పిందని, అవి సరిగ్గా రాసేవాళ్లు మన దగ్గర తక్కువని దాని వాదన. దీన్ని నమ్ముకుని ఈ దారిలోకి పంపొచ్చా? ఏం చదివించాలి? వాళ్లమ్మకు భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి పట్టుకున్న తప్పు నిజంగా ఉన్నదే. అది చూడగలిగినంత మాత్రాన ఉద్యోగం రాదు. కానీ వచ్చాక వార్తలు దిద్దే డెస్క్‌లో ఆమె మాటకు విలువ తెచ్చేది మాత్రం ఆ చూపే.

పెద్ద సంస్థలు కూడా ఇక్కడే జారిపడ్డాయి. 2013 సెప్టెంబరు 16న వాషింగ్టన్ నేవీ యార్డులో కాల్పులు జరిగి 12 మంది చనిపోయారు. దుండగుడు ఏఆర్-15 రైఫిల్ వాడాడని ఆ రోజు దేశమంతా చెప్పుకుంది. చివరికి అతను తెచ్చుకున్నది రెమింగ్టన్ 870 షాట్‌గన్ అని, తర్వాత అక్కడి సిబ్బంది దగ్గరి బెరెట్టా పిస్టల్ చేజిక్కించుకున్నాడని తేలింది. ఈలోగా చర్చలన్నీ లేని రైఫిల్ చుట్టూ తిరిగాయి. అంతకు ముందటి ఏడాది డిసెంబరు 14న శాండీ హుక్ బడి ఘటనలో ఇంకా ఘోరం. హంతకుడి పేరుకు బదులు అతని అన్న పేరు ప్రసారమైంది. చేసింది ఒకరు, గంటల తరబడి దోషిగా నిలబడింది ఇంకొకరు. రెండుచోట్లా జరిగింది ఒకటే. పేరు చెప్పని అధికారి మాటను ఒక సంస్థ నమ్మింది, మిగతావి ఆ సంస్థను నమ్మాయి. పది చోట్ల వచ్చింది కదా అని ధైర్యపడితే, ఆ పదింటి వెనకా ఉన్నది ఒకే నోరు కావచ్చు.

మీ అమ్మాయి ముందు మాటలు నేర్చుకోవాలి. సెమీ ఆటోమేటిక్ తుపాకీలో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా. ఆటోమేటిక్‌లో నొక్కి పట్టుకున్నంతసేపూ తూటాలు వస్తాయి. అమెరికాలో 1986 మే తర్వాత తయారైన ఆటోమేటిక్ తుపాకులు సామాన్యులకు అమ్మరు. కాబట్టి అక్కడి వార్తను తెలుగు చేసేటప్పుడు సెమీ అన్న ముక్క ఎగిరిపోతే అర్థమే మారిపోతుంది. ఏఆర్-15లో ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు. 9 ఎం.ఎం. అన్నది తూటా కొలతే తప్ప తుపాకీ మోడల్ కాదు. ‘ఈ ఏడాది ఇది ఇన్నో కాల్పుల ఘటన’ అని రాసే ముందు లెక్క ఎవరిదో చూడాలి. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ కాల్చినవాణ్ని మినహాయించి నలుగురు గాయపడినా, చనిపోయినా లెక్కలో వేస్తుంది. చనిపోయినవాళ్లను మాత్రమే లెక్కించేవాళ్ల సంఖ్య చాలా తక్కువగా ఉంటుంది. పిల్లలు అమెరికాలో చదువుతున్న ఇళ్లు విశాఖ ఎంవీపీ కాలనీలో, మధురవాడలో ఎన్నో. ఊరి పేరు ఒక్కటి తప్పు పడినా ఇక్కడ రాత్రంతా ఫోన్లు మోగుతాయి.

మన దగ్గరి వార్తల్లో దొర్లే తప్పులు వేరు. పిస్టల్ పేలితే ఖాళీ షెల్ (తూటా తొడుగు) బయటికి ఎగిరి కింద పడుతుంది. రివాల్వర్‌లో అది చక్రంలోనే ఉండిపోతుంది. ‘రివాల్వర్‌తో కాల్చాడు, అక్కడ ఖాళీ షెల్స్ దొరికాయి’ అని వార్త వస్తే, మధ్యలో మళ్లీ లోడ్ చేశాడా, అసలు అది రివాల్వరేనా అని విలేకరిని అడగాలి. పాడేరు వైపు కనిపించే నాటు తుపాకీ చాలావరకు గొట్టం మూతి నుంచి మందు, రవ్వలు (చిన్న గుళ్లు) దట్టించి కాల్చేది. దానికి షెల్ అనేదే ఉండదు. 12 బోర్ తుపాకీ ఒక్కసారి పేలితే బోలెడు రవ్వలు తగులుతాయి. వాటిని లెక్కపెట్టి ‘ఒంట్లో ముప్పై తూటాలు’ అని శీర్షిక పెడితే నవ్వులపాలే. అలాగే ఒకే తూటా ఒకవైపు దూరి మరోవైపు బయటికొస్తే గాయాలు రెండు. ఎన్ని తూటాలన్నది కేజీహెచ్ ఆసుపత్రిలో పోస్టుమార్టం చేసిన వైద్యులు తేలుస్తారు. ఏ తుపాకీ నుంచి వచ్చాయన్నది ఫోరెన్సిక్ ల్యాబ్ చెబుతుంది. ఆ నివేదిక సాయంత్రం ఎడిషన్ కోసం తొందరపడదు, తుపాకీ మోడల్ పేరే దానికోసం ఆగాలి. అందాకా ‘తుపాకీ’ చాలు.

లైసెన్సు ఉందా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న, కానీ ఎవరిని అడగాలో తెలియాలి. కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌ను, అల్లూరి సీతారామరాజు జిల్లాలో అయితే పాడేరులోని కలెక్టర్ కార్యాలయాన్ని. ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019 సవరణతో ఒకరు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఎఫ్‌ఐఆర్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. సున్నితమైనవి మినహా 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్‌కౌంటర్ వార్తకైతే ఎన్‌కౌంటర్ మరణాలపై విచారణ ఎలా జరగాలో సుప్రీంకోర్టు చెప్పిన 2014 నాటి పీయూసీఎల్ తీర్పు చదివి ఉండాలి. మెజిస్టీరియల్ విచారణ జరుగుతోందా అని అడగని ఫాలోఅప్ ఫాలోఅప్ కాదు.

లైవ్ విషయం ప్రత్యేకం. 2008లో ముంబయి దాడుల సమయంలో టీవీలో చూసి పాకిస్థాన్‌లోని సూత్రధారులు లోపలున్న ఉగ్రవాదులకు సూచనలిచ్చారు. అందుకే 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్‌ను ప్రత్యక్ష ప్రసారం చేయకుండా నిషేధించారు. అది ముగిసేదాకా అధికారి ఇచ్చే బ్రీఫింగ్ వరకే. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం కాబట్టి డాక్‌యార్డు చుట్టుపక్కల కెమెరా ఎత్తే ముందు కూడా ఆలోచించాలి. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో తీసినంత స్వేచ్ఛగా అక్కడ తీయడం కుదరదు. మైనర్ అయితే, బాధితుడైనా నిందితుడైనా, పేరూ ఫొటో వేయకూడదు. ఇక కాల్చినవాడి ఫొటోను రోజంతా తిప్పడం, నాటు తుపాకీ ఎలా తయారుచేస్తారో గ్రాఫిక్స్ వేసి చూపడం నేరుగా కొన్ని చానళ్ల రేటింగ్ పిచ్చి. మీ అమ్మాయి ఇది నేర్చుకోకపోతేనే మేలు.

చదువు మాట. ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పీజీ ఉంది. ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. ఇంగ్లిష్ బాగుంటే ఒడిశాలో ఢెంకనాల్‌లోని ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) కూడా ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లలో స్టైపెండ్ ఇచ్చి నేర్పేవి ఉన్నాయి. ప్రకటన సాధారణంగా ఆ పత్రికలోనే వస్తుంది, రోజూ చూస్తుండాలి. డిగ్రీలో ఎన్‌సీసీ ఉంటే వదలొద్దు. 0.22 రైఫిల్ ఒక్కసారి చేత్తో పట్టి కాల్చినవాళ్లు తూటాలు పెట్టే మ్యాగజీన్‌కూ తూటాకూ తేడా మరిచిపోరు. ఉద్యోగంలో చేరాక రక్షణ శాఖ విలేకరులకు డిఫెన్స్ కరెస్పాండెంట్స్ కోర్సు నిర్వహిస్తుంది. విశాఖలో పనిచేసేవాళ్లకు అంతకంటే ఉపయోగపడే శిక్షణ మరొకటి కనిపించదు.

చేరేటప్పుడు కంట్రిబ్యూటర్‌గా మాత్రం వద్దు. అక్కడ జీతం కాదు, రాసిన లైన్లను బట్టి డబ్బు. సబ్ ఎడిటర్‌గా డెస్క్‌లో రెండేళ్లు చేయనివ్వండి. రాత్రి డ్యూటీ ఉంటుంది, ఇంటికి దింపే క్యాబ్ ఉందో లేదో ఇంటర్వ్యూలోనే అడగమనండి. వాళ్లమ్మగారి భయానికి కొంత జవాబు అదే. మిగతా భయం కాల్పుల గురించి అయితే, విలేకరి వెళ్లేసరికి పోలీసులు తాడు కట్టేసి ఉంటారు. ఎక్కువసేపు గడిచేది స్టేషన్ ముందూ, మార్చురీ ముందూ. అక్కడ ఏడుస్తున్న తల్లి ముందు మైకు పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. కష్టమైన భాగం అదీ.

పరీక్షలయ్యేలోగా ఒక పని చేయించండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఏదైనా ఒక కాల్పుల వార్తను మూడు పత్రికల్లో మొదటి రోజుదీ, వారం తర్వాతదీ తీసుకోమనండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీయాలి: విలేకరి చూసింది, ఎవరో చెప్పగా విన్నది, కాగితం మీద ఉన్నది. తుపాకీ పేరు, తూటాల సంఖ్య, కారణం, నిందితుడి పేరు ఏ గడిలో పడ్డాయో, వారానికి ఏవి మారాయో రాయాలి. ఇలాంటివి పది చేశాక కూడా ఆసక్తి తగ్గకపోతే, ఆంధ్రా యూనివర్సిటీ పీజీ ప్రవేశానికి రాయాల్సిన ఏపీ పీజీసెట్‌కు దరఖాస్తు పెట్టించండి.