దత్తత సంగతి పాపకు ఎప్పుడు చెప్పాలి?

"దత్తత తీసుకున్న మా పాపకు మూడేళ్లు. పెద్దయ్యాక చెబుదాం అంటున్నారు మా అత్తగారు. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు కదా. మాది కావలి. మా అమ్మాయి కూడా దత్తతతోనే మా ఇంటికి వచ్చింది. వినికిడి తక్కువ, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. నేనైతే ఇప్పటినుంచే చెప్పమంటాను. ఇప్పుడు అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

దాచాలన్నా దాగదండి. మా వైపు పెళ్లికి వెళ్లి కూర్చోగానే "పిల్లకి ఎవరి పోలిక?" అంటారు. మిషన్లు చూశాక "మీది మేనరికమా?" అంటారు. ఈ రెండోది డాక్టరు కూడా అడుగుతారు. దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లలకు వినికిడి లోపం వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి అడగాల్సిందే. "దత్తత తీసుకున్నామండి, కన్నవాళ్ల సంగతి తెలియదు" అని పాప పక్కనుండగానే చెప్పేస్తాం. తనకు తెలిసిన విషయమే కాబట్టి టెన్షన్ లేదు. దాచి ఉంటే డాక్టరుకు అబద్ధమైనా చెప్పాలి, పిల్లనైనా బయటికి పంపాలి.

మన ఇళ్లలో ఒక విడ్డూరం ఉంది. కంటికి కనిపించే లోపాన్ని "అయ్యో, ఇంత చక్కని పిల్లకి!" అని పిల్ల మొహం మీదే అనేస్తారు. దత్తత మాట మాత్రం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడతారు. మా అమ్మాయి పెదాల కదలిక చూసి మాట పట్టేస్తుంది, గొంతు తగ్గించి ఏం లాభం?

అందుకని ముందు పెద్దవాళ్లతో కూర్చోండి. "వాళ్లమ్మ వదిలేసిందని చెబుతావా?" అని మా అత్తగారు కూడా గొడవ చేశారు. "వదిలేశారు", "పాపం" అనే మాటలు ఎవరూ అనకూడదని తేల్చుకున్నాం. "వేరే అమ్మ కడుపున పుట్టావు, మా ఇంటికి వచ్చావు" అంటాం, అంతే. ఇప్పుడు ఆ కథ నాకంటే ఆవిడే బాగా చెబుతారు. హారతి ఇచ్చి గడప దాటించడంతో మొదలుపెట్టి, "కలెక్టరే సంతకం పెట్టి ఇచ్చిన పిల్లవే నువ్వు!" దాకా వెళతారు. అది నిజమే. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాకుండా జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరే ఇస్తున్నారు. ఆస్తి గురించి గొణిగే బంధువులకూ ఆ కాగితం చాలు. కన్నబిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి.

ఒకటి మాత్రం బంధువులకు చెప్పకండి. పాప ఎక్కడ దొరికింది, ఏ పరిస్థితిలో వచ్చింది అన్నవి. దత్తత మామూలు విషయమే అయినా ఆ వివరాలు పాప సొంతం. ఫైలు జాగ్రత్తగా ఉంచండి. పద్దెనిమిదేళ్లు నిండాక కన్నవాళ్ల వివరాల కోసం తనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందే అడిగితే మీరు కూడా కలిసి పెట్టాలి.