బేస్ గిటార్ అమ్మాల్నా వద్దా? ముందు మిత్తి లెక్క చూడండి

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల అకౌంట్స్ చూస్త, వయసు 39. బెంగళూరుల ఉద్యోగం చేసేటప్పుడు 2011ల ఫెండర్ జాజ్ బేస్ కొన్న, మెక్సికోల తయారైంది, అప్పుడు ఫ్రెండ్స్‌తోని బ్యాండుల వాయించేటోన్ని. ఇప్పుడు ఏడాదికి రెండు మూడుసార్లు తీస్త, అదీ పిల్లలు అడిగితే. నిరుడు మా నాన్న (71 ఏళ్లు) ఆపరేషన్‌కి రెండు రూపాల మిత్తికి లక్షన్నర తెచ్చిన, నోటు రాసిచ్చిన. క్రెడిట్ కార్డు మీద 38,000 ఉన్నయి, మినిమం కడుతున్న. మా ఇంటామె మిషన్ కుడుతది, ఇద్దరిది కలిపి నెలకి 48,000, ఇంటి ఖర్చు ఫీజులు అన్ని కలిపి 38,000. బ్యాంకుల 60,000 ఎఫ్‌డీ ఉన్నది, ముట్టుకోవద్దని పెట్టుకున్న. ఎనిమిది తులాల బంగారం ఉన్నది. హైదరాబాద్ ఆయన ఒకాయన గిటార్‌కి 40,000 ఇస్త అంటున్నడు. అమ్మాలంటే పానం ఒప్పుతలేదు, ఉంచుకుంటే ఇంటికి అన్యాయం చేస్తున్ననేమో అనిపిస్తుంది. అమ్మితే ట్యాక్స్ పడుతదా?

జవాబు:

ముందే చెప్పేస్త, ఇప్పుడైతే అమ్మకండి. పానం ఒప్పుతలేదు అన్నరని మిమ్మల్ని సముదాయించనీకి చెప్తున్న మాట కాదు, లెక్క వేసే చెప్తున్న. మీ ఇంట్ల ఆ గిటార్ కంటే ముందు కదలాల్సినవి రెండున్నయి, ఎఫ్‌డీ ఒకటి, బంగారం ఒకటి, అవి కదిలినంక గిటార్ ఉంచుకునుడు మీకు ఎంత భారమో అప్పుడు సరిగ్గ తెలుస్తది.

సరే, గిటార్ లెక్కనే ముందు చూద్దాం. 40,000 చేతికొచ్చినయి, తీస్కపోయి ఆ రెండు రూపాల అప్పుల కట్టిన్రు అనుకోండి. నూటికి నెలకి రెండు రూపాలు అంటే ఏడాదికి 24 శాతం, 40,000 మీద నెలకి 800 మిత్తి తగ్గుతది. అంటే ఇయ్యాల ఆ గిటార్ మీ ఇంట్ల ఉన్నందుకు నెలకి 800 కిరాయి కడుతున్నట్టే. చానా మంది ఇట్ల లెక్క వేసుకోరు, ఎప్పుడో కొన్నది, పైసలు ఎప్పుడో పోయినయి, ఊకె మూలకు ఉంటే ఖర్చేముంది అనుకుంటరు. అప్పు లేని ఇంట్ల అట్ల అనుకున్నా నడుస్తది గని మిత్తి కట్టే ఇంట్ల అమ్మగలిగిన ప్రతి వస్తువుకీ నెల నెలా ఖర్చు ఉన్నట్టే లెక్క. ఏడాదికి 9,600 అయితది, రెండు మూడుసార్లు బయటికి తీసే వస్తువుకి ఇది ఎక్కువే, మీకు మనసుల పీకుతుంది అంటే అందుకే పీకుతుంది.

గని అమ్మినంక మిగిలేదేందో కూడ చూడాలె కదా. ప్రైవేట్ అప్పు ఇంకా లక్షా పదివేలు ఉంటది, దాని మీద నెలకి 2,200 పోతనే ఉంటయి, కార్డు 38,000 అట్లనే ఉంటది. గిటార్ పాయె, అప్పు మాత్రం పోకపాయె. ఆరు నెలలైనంక మళ్ల ఏం అమ్మాల్నో ఆలోచిస్తరు, అప్పుడు అమ్మనీకి గిటార్ కూడ ఉండదు.

అందుకని కార్డు నించి మొదలువెట్టండి, ఈ వారమే. మినిమం కట్టుకుంట పోతే మిగిలిన దాని మీద చానా కార్డులు నెలకి మూడున్నర శాతం దాక వేస్తయి, ఆ మిత్తి మీద మళ్ల 18 శాతం జీఎస్టీ. మీ 38,000 మీద లెక్కేస్తే నెలకి 1,330, జీఎస్టీతోని దగ్గర దగ్గర 1,570. అంటే మీరు కడుతున్న మినిమం చానా వరకు మిత్తికే పోతుంది, అసలు కదులుతనే లేదు. పైగా పాత బాకీ ఉన్నన్ని రోజులు కొత్తగ ఏం కొన్నా కొన్న రోజు నించే మిత్తి పడుతది, ఆ నలభై యాభై రోజుల గడువు మీకు ఉండదు, కూరగాయలు కార్డు మీద కొన్నా అంతే. ఇంకో దిక్కు మీ ఎఫ్‌డీ 60,000 మీద ఏడు శాతం లోపల వస్తుంది అనుకుందాం, నెలకి 350 దాటదు. ఒక జేబుల 350 వస్తుంటే ఇంకో జేబు నించి 1,570 పోతుంది, అదీ మీ సొంత పైసలు బ్యాంకుల ఉండంగనే. ముట్టుకోవద్దని పెట్టుకున్నరు, ఆ జాగ్రత్త మంచిదే, గని అది బ్రేక్ చేసి కార్డు మొత్తం కట్టేయండి, మిగిలిన 22,000 మళ్ల ఎఫ్‌డీ వేస్కోండి. బ్యాంకోళ్లు మిత్తిల ఒక శాతం అటిటు తగ్గిస్తరు, అది పెద్ద లెక్క కాదు. కట్టే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ రోజు లెక్కకి పూర్తిగ క్లోజ్ చేయాలంటే ఎంత అని అడిగి కట్టండి, బిల్లుల కనిపించే నంబరే కడితే బిల్లు తేదీ నించి కట్టిన రోజు దాక మిత్తి మళ్ల నెల ఇంకో బిల్లుల వస్తది, అప్పు అయిపోయిందనుకుని అది చూసుకోక లేట్ ఫీజు పడినోళ్లు ఉన్నరు.

ఇగ పెద్దది, లక్షన్నర. దీని మీద నెలకి 3,000 మిత్తి, రెండేళ్లు ఇట్లనే నడిస్తే 72,000 కట్టి కూడ అసలు లక్షన్నర అట్లనే ఉంటది. మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఈ రెండు రూపాల మిత్తి ఎంత అలవాటైందంటే అది తక్కువ మిత్తి అనే అనుకుంటున్నరు, మూడు రూపాలకు తెచ్చినోళ్లను చూసి మనది నయం అనుకుంటరు. ఇంట్ల బంగారం ఉన్నోళ్లు ఇది కట్టుకుంట కూసునుడు నాకు చూడబుద్ధి కాదు. బ్యాంకుల గోల్డ్ లోన్ సుమారు 9 నించి 11 శాతం మధ్యల దొరుకుతది, ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీలల్ల తొందరగ ఇస్తరు గని రేటు చానా చోట్ల ఎక్కువ ఉంటది, అందుకని కనీసం రెండు బ్యాంకులల్ల అడగండి, ప్రాసెసింగ్ ఫీజు, బంగారం చూసేటాయన ఫీజు కూడ అడగండి. ఇప్పుడున్న రేట్లకి లక్షన్నర కోసం మీ ఎనిమిది తులాలు మొత్తం పెట్టాల్సిన పని ఉండదు.

అక్కడ మీకు రెండు రకాలు చెప్తరు. ఏడాది చివర్ల అసలూ మిత్తీ ఒకేసారి కట్టేది ఒకటి, నెల నెలా ఈఎంఐ కట్టేది ఒకటి. మీరు ఈఎంఐదే తీస్కోండి. ఏడాది చివర్ల కట్టేదైతే ఆ రోజు లక్షన్నర ఎక్కడిది, మళ్ల మిత్తి కట్టి రెన్యువల్ చేయించుకుంటరు, అట్ల ఐదేండ్లు తిప్పేటోళ్లు ఉన్నరు, ఒకసారి కట్టలేకపోతే వేలం నోటీసు. 10 శాతంకి 24 నెలలు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 6,900 అయితది, రెండేళ్లల్ల మొత్తం మిత్తి 16,000 చిల్లర, ఆఖరుకి అసలు కూడ తీరిపోతది, బంగారం ఇంటికొస్తది. 72,000 కట్టి అప్పు అట్లనే ఉండుడు ఎక్కడ, 16,000 కట్టి అప్పు లేకుండ పోవుడు ఎక్కడ.

బంగారం విషయంల ఒక్క మాట గట్టిగ చెప్తున్న, అది మీ ఇంటామెది. ఆమె వద్దంటే వద్దే, మీరు మిత్తి లెక్క అంత కాగితం మీద రాసి ఆమె ముందల పెట్టండి, గిటార్ అమ్ముత అనే మాట పక్కన పెట్టి మాట్లాడండి. నా గిటార్ ఉండాలె, నీ బంగారం బ్యాంకుకు పోవాలె అన్నట్టు ఆమెకు వినపడొద్దు. ఆమె అట్ల అనుకుంటే, లెక్క ఏమన్నగాని, నేను గిటార్ అమ్మమనే చెప్త.

అప్పు ఇచ్చినాయనకు పైసలు కట్టిన రోజే మీరు రాసిచ్చిన ప్రాంసరీ నోటు వాపస్ తీస్కోండి, రేపిస్త ఎల్లుండిస్త అంటే ఊకోకండి, పైసలు కూడ చేతికియ్యకుండ అకౌంటుకు పంపండి, ముట్టినయి అని నోటు మీదనే రాయించుకోండి.

ఇప్పుడు మళ్ల గిటార్ కాడికి రండి. కార్డు తీరింది, ప్రైవేట్ అప్పు బ్యాంకుకు మారింది, ఇప్పుడు ఆ 40,000 గిటార్ కిరాయి ఎంత? 10 శాతం లెక్కన నెలకి 330 చిల్లర. మీ 10,000 మిగులుల ఈఎంఐ 6,900 పోతే 3,000 చేతుల ఉంటయి, అవి నెల నెలా ఎఫ్‌డీ పక్కకు పోతయి. ఈ లెక్కల ఉన్న మనిషి పదిహేనేండ్ల నించి ప్రేమగ దాచుకున్న వస్తువు మీద నెలకి 330 పెట్టుకునుడు తప్పని నేననలేను. నెలకి 800 అయితే మాత్రం అందునేమో.

అయితే ఉంచుకునుడుకి అది ముందల ముందల రేటు పెరుగుతదనే కారణం మాత్రం పెట్టుకోకండి. పాత ఫెండర్లకు లక్షలు పలుకుతయని మీరు వినే ఉంటరు, నిజమే, గని అవి వేరే. ఈ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1965 జనవరిల దాన్ని సీబీఎస్ అనే అమెరికా టీవీ, రేడియో కంపెనీకి అమ్మేసిండు, అంతకు ముందు అమెరికాల తయారైనవాటికి కలెక్టర్లు ఎగబడుతరు, జాజ్ బేస్ వచ్చిందే 1960ల కాబట్టి అట్లాంటివి లోకంల తక్కువ. మీది మెక్సికోల ఎన్సెనాడ ఫ్యాక్టరీల పెద్ద సంఖ్యల తయారైన రకం, మంచి గిటార్, గట్టిగ పనిచేసే గిటార్, గని పెట్టుబడి కాదు. మీరు ఉంచుకునేది వాయించనీకి, ఆ ఒక్క కారణం చాలు.

వాయించనీకి అన్న కాబట్టి, అది ఎక్కడ పెట్టిన్రో రాయలేదు మీరు. స్లాబ్ కింద సజ్జ మీద బ్యాగుల ఉంటే ఇయ్యాలనే దించండి. మన దిక్కు మే నెల ఎండకు స్లాబ్ కింద కట్టె ఎండి మెడ వంగుతది, మెడ మీది లోహపు పట్టీల (ఫ్రెట్ల) అంచులు బయటికి పొడుచుకొస్తయి, మెడ పక్కన వేలు జారిస్తే గీసుకున్నట్టు తగులుతది. తీగెలు ఫ్రెట్లకు తగిలి బర్రుమంటుంటే మెడ లోపల ఉండే కడ్డీని (ట్రస్ రాడ్) తెలిసినోళ్లతోని సరి చేయించండి, వాల్యూమ్ తిప్పితే చిటపట వస్తే అది లోపట దుమ్ము, క్లీనర్ స్ప్రేతోని పోతది. ఇవన్ని చిన్న ఖర్చులు, ఉంచుకుంటే మీకు పనికొస్తయి, అమ్మితే రేటు కాపాడుతయి, ఎందుకంటే కొనేటోడు ఆ చిటపట విన్నడంటే అయిదువేలు తగ్గించమంటడు.

ఎప్పుడు అమ్మాలంటే, వరుసగ రెండు ఈఎంఐలు తప్పినయంటే అప్పుడు ఆలోచించకుండ అమ్మండి, గిటార్ కోసం ఆమె బంగారం వేలానికి పోవద్దు. లేకపోతే నాన్నకు మళ్ల ఆసుపత్రి ఖర్చు వచ్చిందంటే. గని దాని కంటే ముందు ఒక పని చేయండి, నాన్నకు 71 అన్నరు కదా, ఆయుష్మాన్ భారత్ కింద 70 ఏళ్లు దాటినోళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండ ఏడాదికి 5 లక్షల దాక వైద్యం ఉన్నది, 2024 అక్టోబర్ నించి వచ్చింది, ఆధార్ తీస్కొని కార్డు చేయించండి. ఊళ్లె ఆయన పేరు మీద రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కూడ చూడండి, 2023 డిసెంబర్ల దాని పరిమితి 10 లక్షలు చేసిన్రు. ఏ ఆసుపత్రిల నడుస్తదో ముందే కనుక్కొని పెట్టుకోండి, నిరుడు ఈ కార్డు ఉంటే మీ లక్షన్నరల ఎంతో కొంత తగ్గేదేమో.

అమ్మే రోజే వస్తే తొందరపడి అమ్మకండి, తొందర కనబడిందంటే అడ్డికి పావుశేరు లెక్క పోతది. మిర్యాలగూడల కొనేటోళ్లు తక్కువే, గని చర్చి బ్యాండులల్ల, పెండ్లి ఆర్కెస్ట్రాలల్ల బేస్ వాయించే పిల్లలు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ అంతట ఉన్నరు, వాళ్లకు వస్తువు విలువ తెలుసు, ముందు అక్కడ అడిగించండి. హైదరాబాద్ షాపులు నగదుకు కొంటే వాళ్ల లాభం తీసుకొనే రేటు చెప్తరు, షాపుల పెట్టి అమ్మినంక కమీషన్ ఇచ్చేదైతే మీకు ఎక్కువ మిగులుతది, గని టైం పడుతది. తీగెలు బిగించే మెడ చివరి భాగం (హెడ్‌స్టాక్) వెనక సీరియల్ నంబర్ ఉంటది, ఎంఎక్స్ తర్వాత రెండంకెలు చూస్తే ఏ ఏడాదిదో తెలుస్తది, దాని ఫోటో, పాత బిల్లు ఉంటే అది కూడ తీసి పెట్టుకోండి. 40,000 ఇస్త అన్న ఆయన చూడకుండనే పైసలు పంపుత, క్యూఆర్ స్కాన్ చేయి, పిన్ కొట్టు అన్నడంటే ఫోన్ పెట్టేయండి, మనకు పైసలు వచ్చేటప్పుడు యూపీఐ పిన్ కొట్టే పని ఉండనే ఉండదు, కొడితే మన అకౌంట్ల నించే పోతయి. నిజంగ కొనేటాయన వచ్చి ఆంప్లిఫయర్‌కి పెట్టి వాయించి చూస్తడు, వాయించకుండ బేస్ కొనేటోడు ఉండడు.

ట్యాక్స్ అడిగిన్రు కదా, పడదు. సొంత వాడకానికి పెట్టుకున్న వస్తువు అమ్మితే ఆదాయపు పన్ను చట్టం లెక్కల అది క్యాపిటల్ అసెట్ (అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి) కిందికి రాదు, లాభం వచ్చినా క్యాపిటల్ గెయిన్స్ లేదు, మీకు లాభం కూడ లేదు. నగలు, పెయింటింగులు, శిల్పాలు అట్లాంటివాటికి ఈ మినహాయింపు లేదు, సంగీత వాయిద్యాలు ఆ లిస్టుల లేవు. గిటార్లు కొని అమ్ముడే పని పెట్టుకుంటే మాత్రం అది వ్యాపార ఆదాయం అయితది, మీది ఆ సంగతి కాదు. అయినా అమ్మితే ఎవరికి, ఎంతకు, ఏ తేదీన అని తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సంతకాలు పెట్టుకోండి, అకౌంటుల 40,000 ఎక్కడివి అని ఎవరన్న అడిగితే చూపెట్టనీకి ఉంటది.