ఫైబర్ ప్యానెల్ పట్టుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి వ్రాయునది.

విజయవాడ ఆటోనగర్‌లో సొంతంగా షెడ్డు తీసుకుని, బస్సుల ఫైబర్ ప్యానెళ్లకు రంగులు వేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. రేకు మీద నీకు చెయ్యి తిరిగింది కాబట్టి గన్ ఎంత దూరాన పట్టాలో నేను చెప్పనక్కరలేదు. ఫైబర్ తీరు మాత్రం వేరు.

అచ్చు నుంచి ప్యానెల్ సులువుగా ఊడిరావడానికి అచ్చుకు మైనం పూస్తారు. అందులో కొంత ప్యానెల్‌కు అంటుకునే వస్తుంది, కంటికి కనబడదు. నేను పనిలో చేరిన కొత్తలో, సాయంత్రానికి బండి అప్పగించాలన్న ఆత్రంలో, కడగకుండానే 220 నంబరు గరుకు కాగితంతో రుద్దేశాను. మైనమంతా ఆ గీతల్లోకి దిగింది. పై కోటు పడీపడగానే ఆవగింజలంత గుంటలు లేచి, ఒక్కొక్కదాని అడుగున ముందు వేసిన ప్రైమర్ పూత తొంగిచూసింది. ఇంకో కోటు కొడితే పూడతాయనుకున్నాను. అవి మరింత వెడల్పయ్యాయి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రేకుకు వాడే పెయింట్ రిమూవర్ తెచ్చి పూశాను. అది రంగుతోపాటు ప్యానెల్ పైపొర అయిన జెల్‌కోట్‌నూ మెత్తబరచడంతో, బ్లేడుతో గీకినచోటల్లా గాజునార పైకి తేలింది. ఆ ప్యానెల్ ఖరీదు మూడు నెలలపాటు నా జీతంలో కోసుకున్నారు.

కనుక ముందు సబ్బునీళ్లతో కడుగు. ఆరాక వ్యాక్స్ రిమూవర్ ఒక గుడ్డతో రాసి, అది ఆరేలోపే మరో పొడి గుడ్డతో ఎత్తెయ్యి. రుద్దడం ఆ తరువాతే, అదీ నార కనబడనంత వరకే. సూదిబెజ్జాలను లప్పంతో పూడ్చి ఎపాక్సీ ప్రైమర్ వెయ్యి. కొత్త ప్యానెలైతే అందులోని రెసిన్ జిగురు వాసన పోయేదాకా కొన్నాళ్లు ఎండలో ఉంచు. లేకపోతే లోపలి ఆవిరి తరువాత బొబ్బలుగా లేస్తుంది.

ఇది చాదస్తమనుకున్నా సరే, విను. మేము మూతికి తడి తువ్వాలు చుట్టుకుని, గట్టిపడేందుకు హార్డనర్ కలిపిన రంగు కొట్టేవాళ్లం. ఆ హార్డనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనాన్ని తువ్వాలు ఆపదు. అది ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తరువాత కాస్త పీల్చినా ఆయాసం తెస్తుంది. రాత్రిళ్లు నా దగ్గుకు మీ అత్తయ్య లేచి కూర్చోవడం నువ్వు చూశావు కదా. బయటి మంచి గాలిని గొట్టంతో అందించే మాస్కు కొనుక్కో, నాయనా. డబ్బు చాలకపోతే చెప్పు, కంప్రెసర్ కంటే ముందు అదే కొందాం.

మొదటి ప్యానెల్ కడిగే రోజు కబురు పెట్టు. బకెట్ నేను పట్టుకుంటాను.

మామయ్య