పచ్చబొట్టుకు ఏ అప్పు మేలు అని అడిగే ముందు

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 46 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్చరర్‌ని. జీతం రూ.38,000, వేసవిలో రెండు నెలలు ఉండదు. మా వారికి బోరు మోటార్లు, పైపుల దుకాణం ఉంది, సగటున నెలకు రూ.35,000 మిగులుతుంది. అమ్మాయి ఇంజినీరింగ్ చదువు, ఇంటి రుణం వాయిదా కలుపుకొని నెల ఖర్చు రూ.52,000. రూ.3 లక్షల చీటీకి నెలకు రూ.10,000 చొప్పున 11 నెలలు కట్టాను, ఇంకా 19 నెలలు ఉంది. బ్యాంకులో రూ.41,000, ఇంట్లో 14 తులాల బంగారం ఉన్నాయి. కళాశాల ఇచ్చిన రూ.3 లక్షల గ్రూపు ఆరోగ్య బీమా ఉంది. మా వారికి నాలుగేళ్లుగా షుగర్. నిరుడు కాలం చేసిన మా అమ్మ ముంజేతి మీద ఐదు చుక్కలు, వాటి కింద తులసి కోట పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన ఎరుకలామెకు రెండు సేర్ల కొర్రలు ఇచ్చి పొడిపించుకున్నానని చెప్పేది. దాన్నే చుట్టూ రంగుల పూలతీగతో మణికట్టు నుంచి మోచేతి దాకా వేయించుకోవాలని నా కోరిక. బెంగళూరులో ఒక స్టూడియో వారు రూ.72,000 అడిగారు. క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చట, ఒకేసారి ఇస్తే రూ.66,000 చాలట. రూ.5,000 అడ్వాన్సు ఇచ్చాను. మిగతా సొమ్ముకు వాయిదాలు మేలా, బంగారం తాకట్టు మేలా, చీటీ పాడుకోవడం మేలా? ఈ వయసులో ఇదేం కోరిక అని ఇంట్లో అంటున్నారు.

జవాబు: వయసు సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. మీ చేయి మీది, మీ సంపాదన మీది. 46 ఏళ్లకు పచ్చబొట్టు తగునా తగదా అన్నది ఆర్థిక సలహాదారు తేల్చవలసిన విషయం కాదు. ఈ ఉత్తరానికి వివరంగా జవాబు రాయడానికి కారణం వేరే ఉంది. ఇరవై ఏళ్లు పిల్లల ఫీజులకూ ఇంటి వాయిదాలకూ తన కోరికలను వాయిదా వేసుకున్న మనిషి, తీరా తనకంటూ ఒక ఖర్చు చేసుకునే రోజు వచ్చేసరికి, ఇన్నాళ్లు ఆగాం కదా ఇంకెందుకు ఆగడం అనుకుని అప్పు వైపు చూడటం నేను తరచూ చూస్తున్నాను. మీరు మూడు దారులు చూపి ఏది మేలు అని అడిగారు. ఆ మూడూ ఏదో ఒక రూపంలో అప్పులే. చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంది అన్న ప్రశ్న మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు.

మొదట మీ ఆదాయం సరిచేద్దాం. మీరు రూ.73,000 ఆదాయం, రూ.62,000 ఖర్చు, చీటీ కలుపుకొని, నెలకు రూ.11,000 మిగులు అనుకుంటున్నారు. పది నెలల జీతాన్ని పన్నెండు నెలలకు పంచితే మీ జీతం నెలకు సుమారు రూ.31,600 మాత్రమే. అంటే నిజమైన మిగులు రూ.4,600. అడ్వాన్సు పోగా కార్డు వాయిదా సుమారు రూ.5,600. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మొదటి దారి అక్కడే మూసుకుపోతుంది. అది కూడా సగటు లెక్క. మే నెలలో మీ జీతం రాదు కాబట్టి దుకాణం నుంచి వచ్చే రూ.35,000తోనే ఇల్లు, చీటీ, కార్డు మూడూ నడవాలి, ఆ వెంటనే జూన్‌లో అమ్మాయి ఫీజు వచ్చి కూర్చుంటుంది.

ఇక వడ్డీ లేదన్న మాట. ఒకేసారి ఇస్తే రూ.66,000, వాయిదాలైతే రూ.72,000 అన్నప్పుడు ఆ రూ.6,000 తేడాను వడ్డీ అనక మరేమంటారు? లెక్క కడితే అది ఏడాదికి సుమారు 18 శాతం. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ దీనికి అదనంగా పడతాయి. ఒక నెల బిల్లు పూర్తిగా కట్టలేక కనీస మొత్తంతో సరిపెడితే మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ వేస్తాయి. మిగులు రూ.4,600 ఉన్న ఇంట్లో రూ.5,600 వాయిదా పెట్టుకుంటే ఆ నెల ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. మీ ఊరి వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలంటే గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చే మనిషి అదే రేటుకు కార్డు మీద సంతకం పెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

బంగారం తాకట్టు వడ్డీ కార్డు కంటే తక్కువే, కాదనను. రూ.2.5 లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో నిబంధనలు మార్చింది కాబట్టి మీరు అడిగినంత సొమ్ము సులభంగానే దొరుకుతుంది. దొరుకుతుంది కదా అని తీసుకోవడమే తప్పు. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ, అసలు కదలక, చివరికి వేలం నోటీసు దాకా తెచ్చుకున్న ఇళ్లు రాయలసీమలో ఏ వీధిలో చూసినా ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ బ్యాంకులోని రూ.41,000 మీ ఇంటిని 24 రోజులు నడుపుతుంది. అంతకు మించి మీకు అత్యవసర నిధి లేదు. చీటీ ఉంది కదా, బంగారం ఉంది కదా అంటారని తెలుసు. నూటికి తొంభై మంది ఇదే మాట అంటారు. చీటీని నిధిగా లెక్కించేవారు, అది అవసరం పడిన రోజున కాక పాట జరిగిన రోజునే వస్తుందన్నది మరచిపోతారు. ఆ నెలలో మీకంటే ఎక్కువ తగ్గించి పాడే మనిషి ఇంకొకరుంటే అది మీకు దక్కదు. దక్కించుకోవాలని 25 శాతం తగ్గించి పాడితే చేతికి వచ్చేది రూ.2,25,000. అదీ జామీనుదారుల సంతకాలు, కాగితాలు అయ్యాకే. ఆసుపత్రి కౌంటర్ దగ్గర రాత్రి పదకొండింటికి అడ్వాన్సు కట్టమన్నప్పుడు చీటీ పుస్తకం చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు, బీరువాలోని గొలుసూ ఆ రాత్రి నగదు కాదు.

మీ ఇంటికి ఈ నిధి మామూలు ఇళ్ల కంటే ఎక్కువ అవసరం. ఒక జీతం ఏడాదికి పది నెలలే వస్తుంది. రెండో ఆదాయం వానలను నమ్ముకున్నది. అనంతపురం జిల్లాలో మోటారు, పైపులు అరువుకు ఇచ్చి వేరుశనగ అమ్మాక వసూలు చేసుకునే వ్యాపారం ఎలా ఉంటుందో మీ వారికి నేను చెప్పనక్కర్లేదు. వాన వెనకపట్టు పట్టిన ఏడాది అమ్మకం కనిపిస్తుంది గాని డబ్బు గల్లాపెట్టెలోకి రాదు, కంపెనీ డీలరుకు మాత్రం గడువులోగా కట్టవలసిందే. ఇలాంటి ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3,12,000, అడిగిన రోజే తీసుకోగలిగే ఖాతాలో ఉండాలి. ఎనిమిది నెలలది ఉంటే ఇంకా నయం.

అది అసాధ్యమేమీ కాదు. చీటీని ఇప్పుడు ముట్టుకోకుండా ఆఖరి నెల దాకా కట్టండి. చట్ట ప్రకారం నిర్వాహకుల కమిషన్ 7 శాతం మించకూడదు కాబట్టి చివర్లో సుమారు రూ.2,79,000 చేతికి వస్తుంది. నెలకు మిగిలే రూ.4,600ను జీతం పడిన రోజే విడిగా ఒక ఖాతాలోకి పంపితే 19 నెలలకు రూ.87,400. ఇప్పుడున్న రూ.41,000 కలిపితే మొత్తం రూ.4 లక్షలు దాటుతుంది. అప్పటికి మీకు 49 ఏళ్లు కూడా నిండవు. ఒక్క హెచ్చరిక: ఆ చీటీ 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద నమోదైనదేనా అన్నది ఈ వారమే కనుక్కోండి. తెలిసినవారు నడిపే చీటీ అని రాసి ఉంటే నేను ఈ లెక్క వేసేవాణ్ణే కాదు.

బీమా గురించి క్లుప్తంగా. కళాశాల మారితే పోయే రూ.3 లక్షల గ్రూపు పాలసీ ఇంటిల్లిపాదికీ చాలదు. మీ వారి షుగర్‌ను దాచకుండా చెప్పి కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం పోగా నిధికి నాలుగైదు నెలలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

పచ్చబొట్టు ఖర్చు రూ.66,000తో ఆగదన్నది కూడా లెక్కలో వేసుకోండి. మూడు నాలుగు సిట్టింగులంటే అన్నిసార్లు బెంగళూరు ప్రయాణం, ఏడాది రెండేళ్లకు రంగులు వెలిస్తే మళ్లీ దిద్దుబాటు. నచ్చక లేజరుతో తీయించుకోవాలంటే వేయించుకున్నదాని కంటే ఎక్కువే అవుతుంది, అందులోనూ నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు రంగులు మొండికేస్తాయి. అది సౌందర్య చికిత్స కిందికి వస్తుంది కాబట్టి ఏ ఆరోగ్య బీమా చెల్లించదు. సూది ఒక్కసారి వాడి పారేసేదేనా అని కళ్లతో చూడకుండా చేయి చాచకండి. ఒకరికి వాడిన సూదినే మరొకరికి వాడితే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి రావచ్చు.

ఇవన్నీ చదివి, నేను వద్దంటున్నానని అనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మ చేతి మీద ఉన్నది ఐదు చుక్కలు, ఒక తులసి కోట. పూలతీగ స్టూడియో వారి ఆలోచనో మీదో తెలియదు గాని, రూ.66,000లో సింహభాగం ఆ తీగదే. స్టూడియోల్లో సాధారణంగా చదరపు అంగుళానికి ఇంత అని తీసుకుంటారు. అమ్మది ఎంత ఉండేదో అంతే, నల్ల సిరాతోనే వేయించుకుంటే కొద్ది వేలతో, ఒక్క పూటలో అయిపోతుంది. దానికి అప్పూ వద్దు, ఎవరి అనుమతీ వద్దు. తీగ కావాలనిపిస్తే నిధి పూర్తయ్యాక, నగదుతో వేయించుకోండి.

స్టూడియోకు ఫోన్ చేసి, ఇచ్చిన రూ.5,000ను ఈ చిన్న బొమ్మకు సర్దుబాటు చేయమని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ రూ.5,000 పోయినట్టే లెక్క రాసుకోండి, దాన్ని దక్కించుకోవడానికి ఇంకో రూ.61,000 మాత్రం పెట్టకండి.